సంచిలోంచి తీసిన మాత్రలు

సంచి సర్దుతున్నాను, ఎంత సర్దినా నిండదు. రెండు లుంగీలు, తువ్వాలు, చుట్టల కట్ట, ఎండునెత్తళ్ల చేపల పొట్లం పెడుతున్నాను, పెట్టినవి పెట్టినట్టే ఇసుకలోకి జారిపోతున్నాయి, ఇల్లనుకున్నది జెట్టీ అవుతోంది, జెట్టీ మీద ఆసుపత్రి బల్లలు వేసి ఉన్నాయి, ఆ బల్లల మధ్య మోకాలి లోతు నీళ్లలో నా పెనిమిటి దానయ్య వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. పోయిన మనిషని నాకు తెలుసు. తెలిసినా, పది రోజుల వేటకు బయలుదేరుతున్నాడన్న తొందరలోనే ఉన్నాను.

నా చేతిలో అతని బీపీ మాత్రల అట్ట ఉంది. ఆనాడు దాన్ని సంచిలోంచి తీసి చూరులో దోపింది నేనే. చదువు చెప్పినవాళ్లు లేకపోయినా బస్సు బోర్డులూ పొట్లాల కాగితాలూ చూసి కూడబలుక్కుని నేర్చుకున్నదాన్ని. నర్సమ్మ రాసిన చీటీలో నూట ఇరవై ఆరు అని నేనే చదివి, జబ్బు పోయిందని వాడంతా చెప్పుకొచ్చాను. జ్వరం తగ్గాక జ్వరం మాత్ర మింగుతామా, మళ్లీ పెరిగిననాటికి ఉంటాయి అనుకున్నాను. ఆ సంగతి ఇన్నేళ్లలో ఒక్కరికీ చెప్పలేదు. ఇప్పుడు ఇతనికి చెబితే లేచి వెళ్లిపోతాడేమోనని భయం. చెప్పకపోయినా వెళ్లేవాడే.

"మావా, మాత్రలు నానే తీసీసినాను."

అతను తలెత్తడు. "ఎరికేలే. సంచి మూడుసార్లు ఎతికినాను. నెత్తళ్లు మాత్రం మా గొప్పగా ఎట్టినావు. ఉప్పు తగ్గించమని నర్సమ్మ సెప్తే నువ్వు ఉప్పుకొటారే ఎత్తి పంపినావు."

నవ్వుతున్నాడు, నోరు ఒక పక్కకే కదులుతోంది. తలనొప్పి వచ్చిందా, కళ్లు తిరిగాయా అని అడుగుతున్నాను. ఏమీ లేదంటున్నాడు. ఆరో రోజు పొద్దున వల లాగుతుంటే కుడిచెయ్యి తనది కాకుండా పోయిందట, తోటివాళ్లు తిరిగి చూసేసరికి పడవ పక్కన నీళ్లేనట. అతను చెబుతుండగానే బల్లలు ఒక్కొక్కటీ తేలి వెళ్లిపోతున్నాయి.

"బాగుందని గదా తీసినాను."

"పడవ కదలకుండా ఉన్నాదని లంగరు పీకీసుకుంతామేటే, పైడీ?"

కోపం లేదు. ముడి వెయ్యడం నేర్పినట్టు అంటున్నాడు. లేచి వచ్చి నా జబ్బకు తాడు చుడుతున్నాడు, నువ్వు మాత్రలు వేసుకుంటున్నావా అని అడుగుతున్నాడు, నాకూ బీపీ అని ఇతనికెవరు చెప్పారో, నాలుగు రోజులుగా లేదని, నీకు తీసేసిన మాత్ర నా గొంతు దిగడం లేదని చెప్పబోతున్నాను, తాడు ఇంకా బిగుస్తోంది.

"మామ్మా, లే. సెయ్యి ఒదులుగా ఒగ్గు."

ఆరోగ్య కేంద్రం బల్ల మీద కునుకు పట్టింది. నర్సమ్మ నా జబ్బకు పట్టీ చుట్టి గాలి కొడుతోంది. నూట డెబ్బై. మందలించి, మాత్ర చేతిలో పెట్టి, నేను మింగేదాకా అక్కడే నిలబడింది. మింగాను. పట్టీ విప్పాక కూడా జబ్బ మీద దాని అంచు గుర్తు తాడు ఒరుసుకున్నట్టు ఎర్రగా ఉండిపోయింది.

సూరాడ దానయ్య రెండువేల ఆరు నవంబరు పదిహేడున వేటకు వెళ్లాడు. తిరిగి రాలేదు.