తెనాలి బండెక్కిన రాణీగ

“తేనెపట్టు నిండా మగ ఈగలుండగా, రాణీగ మనువుకి అంత దూరం ఎందుకు పోతుందో చెప్పండి చూద్దాం?”

కమలమ్మ టీచరుగారు రిటైరై పదకొండేళ్లయినా, ప్రశ్న వేసి ఆగే అలవాటు పోలేదు. భట్టిప్రోలు ఇంటి అరుగు మీద మనవలు ఇడ్లీ తింటున్నారు.

“ఇంట్లోవాళ్లు ఒప్పుకోలేదేమో నాయనమ్మా,” అన్నాడు శ్యామ్. ప్రియకి పొలమారింది.

“ఒప్పుకుంటే కొంప మునుగుతుంది. వాళ్లంతా దాని అన్నదమ్ములురా!”

అంతలో పక్కింటి బర్నబాస్ తేనెపట్టు చట్రం పట్టుకొచ్చాడు. పన్నెండు తేనెటీగల పెట్టెలే అతని బతుకుతెరువు.

“చూడక్కా, జల్లెడైపోయింది. నెలాఖరుకి బాపట్లాయనొచ్చి పెట్టెలు కొనుక్కుపోతాడు. నేను హైదరాబాదులో వాచ్‌మన్ పనికి పోతా.”

చట్రంలో పిల్ల ఈగలు పెరిగే మైనపు గదులు సగం ఖాళీ. అన్ని పెట్టెలూ వాళ్లమ్మ ఇచ్చిన ఒక్క పెట్టెలోంచి పుట్టినవే. అమ్మ ఇచ్చిన ఈగల్లో బయటి ఈగ కలవకూడదని అతని పట్టుదల.

“నీ కూతురికి మేనరికం వద్దన్నావు. వీటికి అంతకన్నా దగ్గర సంబంధాలా? అన్నాచెల్లెళ్లకి పుట్టిన పిల్లల్లో సగందాకా నిలవవు, పనిఈగలే తీసి పారేస్తాయి. బయటి రక్తం రావాలిరా,” అంది కమలమ్మ.

“చుట్టుపక్కల వేరే పట్టేదక్కా?”

“ఇక్కడ లేకపోతే తెనాలి తోటల్లో బోలెడున్నాయి. బండెక్కించు.”

మర్నాడు పదింటికి మూడో పెట్టెలోంచి కొత్త రాణీగ వచ్చి బర్నబాస్ భుజం మీద వాలింది. కమలమ్మ, బర్నబాస్, భుజం మీది రాణీగ, ముగ్గురూ స్టేషనుకి వెళ్లారు. రేపల్లె నుంచి తెనాలి పోయే బండి ఆగగానే అది ఎగిరి కిటికీ చువ్వ మీద కూర్చుంది. వెంటవచ్చిన మగ ఈగలు ప్లాట్‌ఫారం చివరిదాకా సాగనంపి, అక్కణ్ణుంచే వెనక్కి మళ్లాయి.

చేపలబుట్టతో కూర్చున్నామె పక్కకి జరిగింది. “పెళ్లికూతురికి గాలి తగలనివ్వండి! ఎందాకా తల్లీ?”

“తెనాలిదాకానండి,” అన్నాడు బర్నబాస్.

సాయంత్రం బండికి రాణీగ తిరిగొచ్చింది.

ఇరవయ్యయిదో రోజున బర్నబాస్ చట్రం పైకి తీశాడు. ఒక్క చిల్లు లేదు. ఒకే తల్లికి పలువురు తండ్రుల వల్ల పుట్టిన పిల్లలు: కొన్ని నల్లవి, కొన్ని గోధుమరంగువి, కొన్నిటికి పసుపు పట్టీలు. ఇక మిగతా పెట్టెలకి ఈమె కూతుళ్లే రాణులు. అక్కడే నిలబడి ఫోను చేశాడు.

“బాపట్లాయనా, రావద్దండి. పెట్టెలు అమ్మట్లేదు.”

ఫోను జేబులో పెట్టుకుని కమలమ్మ కాళ్లకి దణ్ణం పెట్టబోయాడు.

“నాకెందుకురా? కిటికీ దగ్గర జరిగి చోటిచ్చిందే, ఆమెకి పెట్టు.”

“రేపు పొద్దుటి బండికి తేనె సీసాతో పోతానక్కా.”

కమలమ్మ కళ్లు కొంగుతో ఒత్తుకుంది. “మంచి మాట. ప్రియ లెక్కల పుస్తకానికి అట్ట సగంలో వదిలేశాను,” అంటూ లోపలికి వెళ్లింది.