నీలం జెండాకు అంచు

నీలం జెండా నాలుగు అంచులూ మడిచి కుట్టాలి, ఒక అంచుకు కర్ర దూరేంత సందు వదలాలి. పది నిమిషాల ఆ పనిలో ప్రమీల కనీసం రెండుసార్లు లేవాల్సి వచ్చేది. సూరత్‌లోని ఆ ఒంటిగది ఖోలీలో కుట్టుమిషను సరిగ్గా స్నానాలగది దారిలో ఉంది మరి. భర్త సంపత్ పల్సానా మిల్లు నుంచి వచ్చి స్నానానికి వెళ్తే లేవాలి, మరిది మల్లేష్ వెళ్తే లేవాలి, అత్త చిన్నవ్వకైతే దగ్గు వినగానే లేవాలి. "జర జరుగు" అన్నది ఆ ఇంట్లో ఆమెకు రెండో పేరు. పక్క మిషను మీద కూర్చునే తోడికోడలు భాగీరథిదీ అదే పేరు.

జెండాలు ఎక్కడో విదేశంలో జరిగే కార్ల పందేలకు. ఏడాదికి ఎనిమిది పందేలట, నాలుగు రకాల కార్లు ఒకే బాటలో ఒకేసారి పరుగెత్తుతాయట. కరోనా వచ్చిన మొదటి ఏడు సగం పందేలు ఆగిపోయాయి. కుట్టిన మూటలు ఇంట్లోనే మిగిలితే లాక్‌డౌనంతా మగవాళ్ళు వాటికి ఆనుకుని పడుకున్నారు. మరుసటి ఏడు మళ్ళీ ఆర్డరు వచ్చింది. నీలం జెండా దేనికని అడిగితే, వెనక పెద్ద కారు వస్తోంది తప్పుకో అని చిన్న కారుకు చూపిస్తారని జెండాలు కుట్టించే కార్ఖానా శేఠ్ చెప్పాడు. భాగీరథి ఇంటికొచ్చేదాకా నవ్వు ఆపుకుంది.

"అక్కా, గిదొకటి అత్త చేతిల పెడుదామా? నోరు నొయ్యకుంట ఊపుతది."

ఇద్దరూ జెండాలు ముఖాలకు అడ్డం పెట్టుకుని నవ్వారు. కలిసి నవ్వడం అదే ఆఖరు.

ఏప్రిల్‌లో మల్లేష్‌కీ భాగీరథికీ ఒకేరోజు జ్వరం తగిలింది. సూరత్‌లో ఊపిరాడని వాళ్ళు ఆసుపత్రుల బయట ఆటోల్లో పడి ఉన్న రోజులవి. వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలితే ఆసుపత్రిలో ఒక్క మంచం దొరికింది. ఎవరు వెళ్ళాలన్న మాటే ఆ ఇంట్లో రాలేదు. తనకు తక్కువగానే ఉందని, ఆయన్ని పంపమని భాగీరథే అంది, గోడవైపు జరిగి దగ్గును కొంగులో దాచుకుంటూ. ఆమె పెదాలు నల్లబడటం ప్రమీల చూసింది. చూసి కూడా మల్లేష్ బట్టలు సంచిలో సర్దింది.

మల్లేష్ బతికి వచ్చాడు. ఆరో రోజు తెల్లవారాక భాగీరథి లేవలేదు. సగం అంచు కుట్టిన నీలం జెండా ఆమె మిషను సూది కిందే ఉండిపోయింది. ఎవరికీ అడ్డం కాకుండా పోయిందని చిన్నవ్వ చుట్టాలకు ఫోన్లో మెచ్చుకుంటూ చెప్పింది.

జూన్‌లో ఒక ఆదివారం ఎనిమిదో తరగతి చదివే కూతురు రుచిత, అమ్మ కుట్టిన జెండాలు కనబడతాయేమోనని ఫోన్‌లో కార్ల పందెం వీడియో పెట్టింది. కనబడింది కూడా. వానలో ఒకతను నీలం జెండా ఊపాడు. ముందున్న చిన్న కారు ఉలిక్కిపడ్డట్టు పక్కకు తిరిగింది. అదే పక్కనుంచి దాటబోతున్న పెద్ద కారు దాన్ని గుద్దింది.

"పాపం, జరిగింది గదనే," అంది ప్రమీల.

"జరిగినందుకే గుద్దింది మమ్మీ. కామెంటరీ ఆయన హిందీల చెప్తున్నడు విను. జెండా అంటే ఎనక ఎవరో వస్తున్నరని ఖబర్, అంతే. చిన్న కారు తన లైన్ల తను సీదా పోవాలె. దాటెటోడే జగా చూస్కోవాలె. చిన్న కార్లకు రేస్ అలగ్, కప్పు గూడ వేరే."

ప్రమీల చేతిలో గంటె అలాగే ఉండిపోయింది. రెండేళ్ళుగా వందల జెండాలకు అంచులు కుట్టింది, వాటి అర్థం మాత్రం తప్పు నేర్చుకుంది. గోడవైపు జరిగిన భాగీరథి వీపు కళ్ళ ముందుకొచ్చి, పొయ్యి దగ్గరే కూలబడి ఏడ్చింది. కూర మాడిందని చిన్నవ్వ తిట్టింది.

ఆ వారంలోనే శేఠ్ కుట్టేవాళ్ళకు తలా ఒక టీకా టోకెన్ చీటీ ఇచ్చాడు. చీటీ మీద ఎవరి పేరు రాస్తే వాళ్ళకే టీకా. టీకాల కోసం ఊరంతా బారులు తీరి ఉత్త చేతులతో తిరిగొస్తున్న కాలం. సంపత్ చెయ్యి చాపాడు.

"నా పేరు రాయి. టీకా లేకుంటే మిల్లుల రానిస్తలేరు. నువ్వు ఇంట్లుండే దానివే గద, మల్ల ఏసుకో."

మిల్లు సంగతి అబద్ధం కాదు. ఆ ఇంట్లో ఎప్పుడూ అబద్ధం అవసరపడలేదు, మగవాళ్ళ అవసరం ప్రతిసారీ నిజమే. లోపలినుంచి చిన్నవ్వ, జర జరుగు ప్రమీలా, వాణ్ణి పోనీ అంది.

ప్రమీల రుచిత పెన్ను తీసుకుని, చీటీని మిషను బల్ల మీద పెట్టి తన పేరు రాసింది.

"మల్లేష్ సంచి సర్దింది నేనే," అంది. "భాగీరథిని నా చేతులతోనే పక్కకు జరిపిన. ఇగ నేను జరుగ."

చెప్పులు వేసుకుంది. సంపత్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ప్రమీల తల వంచలేదు, భుజం పక్కకు తిప్పలేదు, నడక ఆపలేదు.

పద్నాలుగేళ్ళ కాపురంలో మొదటిసారి, సంపత్ జరిగాడు.