మూడో గుడ్డు

కట్టు విప్పి నాలుగు రోజులైంది. ఆరు వారాల తర్వాత బయటపడిన నా కుడి చెయ్యి పాలిపోయి, ఎవరి చెయ్యో తెచ్చి నాకు తగిలించినట్టుంది. అయినా సరే, ఎనిమిదిన్నరకల్లా బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను ముందు కూర్చోవాలి. ఈరోజు రాకపోతే కిటికీ పక్కనున్న నా మిషను వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని సూపర్‌వైజరు కబురు పెట్టాడు. పదకొండేళ్ళుగా నేను కుడుతున్న మిషను. ఇచ్చేస్తాడట, వాడి మొహం!

"ఇంకో వారం ఆగవే," అన్నారు మా ఆయన. "గ్లాసే పట్టుకోలేకపోతున్నావు, బట్టలేం కుడతావు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఈ చేత్తోనే మీకు ఆమ్లెట్ వేసి పెడతాను. వేశానా, మారుమాట్లాడకుండా నన్ను పంపాలి. వేయలేకపోయానా, మీరన్నట్టే ఇంట్లో కూర్చుంటాను. ఎడమ చెయ్యి వాడితే ఒట్టు!"

ఆవేశంలో అనేశాను గానీ, చూస్తే ఇంట్లో ఉన్నవి మూడే గుడ్లు.

మొదటిదాన్ని గిన్నె అంచుకి కొట్టేలోపే చేతిలో చితికిపోయింది. సొన మోచేతిదాకా కారింది. ఆ భయంతో రెండోదాన్ని మరీ సుతారంగా పట్టుకున్నాను. జారి నేలమీద పడింది. మా ఆయన గడియారం చూసి గొంతు సవరించుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఓడిపోయినట్టేనని పళ్ళు బిగబట్టి మూడోది తీశాను.

అప్పటిదాకా ఓ పక్కన కూర్చుని ఉల్లిపాయ తరుగుతున్న అత్తయ్య తలెత్తకుండానే అన్నారు. "అమ్మాయ్, సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఇలాగే పిడికిలి బిగిస్తావా?"

"లేదు."

"మరి గుడ్డుతో ఈ కుస్తీ ఏంటే?"

"అమ్మా, నువ్వెవరి వైపు?" అన్నారు ఆయన.

"నీ పొట్ట వైపేరా. మిగిలింది ఒక్క గుడ్డే."

నిజమే. మళ్ళీ కుట్టలేనేమోనన్న భయమంతా పిడికిట్లో పెట్టుకున్నాను. భుజం వదులు చేశాను. మూడు వేళ్ళతో గుడ్డు పట్టుకుని టక్కున అంచుకి తగిలించి, కుట్టు విప్పినట్టు బొటనవేలితో మెల్లగా విడదీశాను. పచ్చసొన చెదరకుండా గిన్నెలో పడింది. పెంకు ముక్క ఒకటి పడితే గోటితో తీసేశాను. ఉల్లిపాయ వేసి గిలక్కొట్టి పెనం మీద పోశాను. తిరగేసేటప్పుడు మణికట్టు సలిపింది. సలిపితే సలపనీ! ఒక అంచు మడతపడింది గానీ ఆమ్లెట్ ఆమ్లెట్టే.

పళ్ళెం ఆయన ముందు పెట్టాను. ఓ ముక్క నోట్లో పెట్టుకుని నా మొహంలోకి చూశారు.

"ఉప్పు లేదు."

చచ్చాను. నిజంగానే మర్చిపోయాను.

"ఉప్పు చల్లుకోడానికి మీకు చేతులున్నాయిగా!" అన్నాను.

అత్తయ్య నవ్వుతూ ఉప్పు డబ్బా కొడుకు ముందుకి తోశారు. ఆయన చల్లుకుని తిన్నారు. తిని, లేచి, నా సంచి తీసుకున్నారు. "పద, బస్సుదాకా నేను మోస్తాను."

"ఇటివ్వండి."

కుడిచేత్తోనే అందుకున్నాను. మణికట్టు ఇంకా సలుపుతోంది. మిషను ముందు కూర్చునేసరికి తగ్గుతుంది. తగ్గకపోయినా కూర్చుంటాను.