ఇరవై నిమిషాల గోడ

పదకొండేళ్లుగా మా మరిది గోడలకు పుట్టీ పూస్తుంటే పొడి కలిపి ఇచ్చేది నేనే. బకెట్లు కడిగేదీ నేనే. పుట్టీ బ్లేడు మాత్రం ఒక్కసారి కూడా నా చేతికి ఇవ్వలేదు. "కలపడం వేరు, పూయడం వేరు వదినా," అనేవాడు. నాకు ఒళ్లు మండేది, అయినా నోరు మూసుకునేదాన్ని. నోరు మూసుకోవడం నా స్వభావం కాదని ఇంట్లో అందరికీ తెలుసు. కాబట్టి ఆ మంట ఎంతటిదో ఊహించుకోవచ్చు.

కంటి ఆసుపత్రిలో కొత్త యంత్రం పెట్టాల్సిన గది అది. బీరువా మోసేవాళ్లు దాని మూల తగిలించి, జిప్సం బోర్డు గోడకు అరచేయంత కన్నం పెట్టారు. యంత్రం ఆ మధ్యాహ్నం పన్నెండింటికి వస్తుందన్నారు. సరిగ్గా ముందురోజే మా మరిది స్టూలు మీంచి జారి కుడి మణికట్టు బెణికించుకున్నాడు. వేరే మనిషి దొరకలేదు. గతిలేక బ్లేడు నా చేతిలో పెట్టాడు. ఈ గోడ చెడితే మళ్లీ అది నా చేతికి రాదని ఇద్దరికీ తెలుసు.

డాక్టరమ్మ గుమ్మంలోనే చెప్పింది. "పక్క గదిలో అద్దాల పరికరాలున్నాయి. దుమ్ము లేవకూడదు."

మా మరిది ముఖం మాడిపోయింది. వాడి పనితనమంతా చివర్న ఉప్పుకాగితంతో రుద్దడంలోనే ఉంటుంది. వాడు రుద్దితే గదిలో మనిషికి మనిషి కనబడడు.

కన్నాన్ని చదరంగా కోసి, వెనక చెక్కపట్టీ బిగించి, కొత్త బోర్డు ముక్క కూర్చి, అతుకుల మీద వలలాంటి జాలీ టేపు అంటించాను. ఈలోగా వాడు ఊరుకోలేక ఎడమ చేత్తో పొడి కలిపాడు. నీళ్లు పోశాక ఇరవై నిమిషాలకు గట్టిపడే రకం అది. నేను రెండుసార్లు బ్లేడు లాగానో లేదో, ఆరు నిమిషాలకే బకెట్లో బిగుసుకుపోయింది. గోడ మీద ముద్దలు ముద్దలుగా నిలిచింది.

"నీ చెయ్యి నిదానం వదినా," అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే. బకెట్ ఎత్తి చూశాను. అడుగున నిన్నటి పెచ్చులు అలాగే ఉన్నాయి. వాడు జారిపడ్డ హడావుడిలో నిన్న నేను కడగలేకపోయాను.

"ఇది కడిగావా?"

"నిన్నటిదేగా, పైపైన తుడిచాను."

"పాత పెచ్చు ఒక్కటున్నా కొత్తది తొందరపడి గట్టిపడుతుంది. ఇన్నేళ్లుగా రోజూ ఎందుకు కడుగుతున్నాననుకున్నావ్, వేరే పని లేకనా?"

వాణ్ణి కుర్చీలో కూర్చోమన్నాను. కూర్చున్నాడు.

ముద్దలు గీకేసి, తళతళలాడేలా కడిగిన బకెట్లో చల్లటి నీళ్లతో కొత్త పొడి కలిపాను. మొదటి పూత గట్టిపడగానే, తడి ఆరకముందే రెండోది వేశాను. ఈ పొడితో సుఖం అదే, మర్నాటిదాకా ఆగక్కర్లేదు. ప్రతి పూతకూ బకెట్ కడిగాను. మూడోది పలచగా, అంచులు బాగా పక్కకు లాగి పూశాను.

ఇక మిగిలింది నునుపు చేయడం. నాకు తెలిసిన విద్య ఇక్కడే ఉంది. బకెట్ అంచున మిగిలిన ముద్ద పూర్తిగా గట్టిపడే ముందు ఒకానొక నిమిషంలో మెత్తగానూ ఉండదు, రాయీ కాదు. సబ్బుబిళ్లలా ఉంటుంది. అప్పుడు గీకితే పొరలా వచ్చేస్తుంది, పొడి రాలదు. వేల బకెట్లు గీకినదాన్ని, ఆ నిమిషం నా వేళ్లకు తెలుసు. గోడ మీద అది వచ్చేదాకా వేలు ఆనించి నిలబడ్డాను.

"ఉప్పుకాగితం లేకుండా ఎలా వదినా," అన్నాడు మరిది.

"చూస్తూ ఉండు."

బ్లేడు తడిపి, ఏటవాలుగా లాగాను. గీతలూ బుడిపెలూ పొరలు పొరలుగా లేచి కింద పరిచిన గుడ్డ మీద పడ్డాయి. చిటికెడు దుమ్ము లేవలేదు. గోడ నున్నగా తేలింది. ఎగిరి గంతేయాలనిపించింది గానీ, నలభై తొమ్మిదేళ్ల మోకాళ్లు వద్దన్నాయి.

ఫ్యానుతో ఆరబెట్టి రంగు వేసేసరికి పదకొండున్నర. డాక్టరమ్మ వచ్చి, జేబులోని చిన్న టార్చి గోడ పక్కన పట్టి, రెండువైపుల నుంచీ చూసింది. కళ్లు పరీక్షించే మనిషి, ఊరికే వదలదు.

"కన్నం ఎక్కడుండేది?"

"మీరే చెప్పాలి," అన్నాను.

మళ్లీ చూసింది. దొరకలేదు.

"పైన ఇంకా నాలుగు గదులున్నాయి. ఎవరు పూస్తారు?" అని అలవాటుగా మా మరిదినే అడిగింది.

వాడు ఎడమ చేత్తో ఖాళీ బకెట్ తన వైపు లాక్కున్నాడు.

"మా వదిన పూస్తుంది. నేను కలిపి ఇస్తాను."

ఎప్పటికైనా ఆ మాట వింటే ఏడ్చేస్తానని అనుకునేదాన్ని. ఏడుపేం రాలేదు. విపరీతంగా ఆకలి వేసింది.