పడవకు కట్టిన పాత దుప్పటి

సినిమావాళ్ళకు సముద్రం కావాలంటే సముద్రం దాకా వెళ్ళాలన్న నియమమేమీ లేదు. ఫిల్మ్‌నగర్ గుట్ట కింద సిమెంటు తొట్టి కట్టి, ట్యాంకర్లతో నీళ్ళు నింపి, ఎక్కడో కొనుక్కొచ్చిన తెరచాప పడవను అందులో దించారు. నలుగురు మనుషులు వెదురు గడలతో పక్కనుంచి ఊపుతుంటే అదే అలల మీద ప్రయాణం. ఆ పడవలో చుక్కాని పట్టుకుని కూర్చునే గుంటలో, రోహిణీకార్తె మిట్టమధ్యాహ్నం, పాతతరం నటుడు పరబ్రహ్మం కూర్చోవాలి.

చాలా ఏళ్ళకు వచ్చిన వేషం. ఒకప్పుడు శ్రీనగర్ కాలనీలో కూరగాయల బండివాడు కూడా ఆయన్ని గుర్తుపట్టి గుప్పెడు మిరపకాయలు కొసరు వేసేవాడు. ఇప్పుడు పక్కవాటా వాళ్ళే "మీరేం చేస్తుంటారండీ?" అని అడుగుతున్నారు. పైగా గుండె ఒకసారి మొరాయించింది. ఎండలో తిరిగితే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి సినిమావాళ్ళకు తెలియనివ్వొద్దని భార్య రమామణి చేత ఒట్టు వేయించుకున్నాడు. ఒట్టయితే వేసింది గాని, ఒంటరిగా మాత్రం పంపనంది.

రమామణి పడవను ఎగాదిగా చూసింది. నెత్తిమీద గుడ్డపేలిక కూడా లేదు.

"పైన ఏదైనా కట్టించండి బాబూ," అని ప్రొడక్షన్ మేనేజర్ని అడిగింది.

"పడవకి టాపు కుట్టించాలంటే మాటలా అమ్మా? గంటసేపు పనేగా, ఓర్చుకోమనండి," అన్నాడతను గొడుగు కింద నిలబడి. ఎద్దు పుండు కాకికి నొప్పా!

ఇక ఎవరినీ బతిమాలలేదు. కారులో సీటు మీద పరుచుకొచ్చిన పాత దుప్పటి తెచ్చింది. సెట్టు పనివాడు బాలనర్సయ్య చెయ్యి కలిపాడు. తెరచాప అడుగున అడ్డంగా ఉండే కొయ్యను దూలంలా చేసి, దాని మీదుగా దుప్పటి పరిచి, నాలుగు మూలలూ బట్టలారేసే తాడుతో పడవ అంచులకు కట్టారు. గుట్ట మీంచి గాలి రావడంతోనే అది పొట్ట ఉబ్బించుకుని లేచింది.

"గట్ల కాదమ్మా, గాలి జొరబడితే పడవనే గుంజుకపోతది," అని బాలనర్సయ్య దుప్పటి అంచుల్లో వెదురు బద్దలు దూర్చాడు. రమామణి గోనెపట్టా తడిపి ఎండ కొట్టే వైపు తడికలా వేలాడదీసింది. రూపాయి ఖర్చు లేకుండా నీడ పడింది. కూర్చుంటే లోపల చల్లగానే ఉంది.

"పెళ్ళిపందిరి వేశావే," అన్నాడు పరబ్రహ్మం నవ్వుతూ. ఆ నవ్వు చూసి ఆమె కడుపు నిండిపోయింది.

షాటు ఒక్కసారికే అయిపోయింది. దర్శకుడు రాఘవేంద్ర "ఓకే" అన్నాడు. పరబ్రహ్మం మాత్రం లేవలేదు.

"ఇంకొక్కటి తీసుకోండి సార్, గుడ్డ లేకుండా."

రమామణి పరుగున వెళ్ళింది. "ఏవండీ, అయిపోయిందన్నారుగా!"

"నీడలో మొహమేం కనపడుతుందే? ఇన్నాళ్ళకి ఓ వేషం దొరికింది. చీకట్లో కూర్చున్న ముసలాడెవరో అనుకుంటారు జనం. విప్పెయ్, రమా."

అక్కడే అందరి ముందూ డాక్టరు మాట చెప్పేస్తే సరిపోయేది. కాని ఒట్టు నోరు నొక్కింది. అంతకంటే ఎక్కువగా, ఆయన కళ్ళలోని ఆశ నొక్కింది. తాను బిగించిన ముడులు తన చేత్తోనే విప్పి, దుప్పటి చంకన పెట్టుకుని కెమెరా పక్కకు వెళ్ళి ఎండలో నిలబడింది. గడలవాళ్ళ కేకల్లో, నీళ్ళ చప్పుడులో ఆయన ఏం చెబుతున్నాడో ఒక్క ముక్కా వినపడలేదు.

షాటు ముగిసి గట్టు మీద కాలు పెడుతూనే కూలిపోయాడు. ఆసుపత్రికి చేర్చేలోపే అంతా అయిపోయింది.

నెల మాసికం అయ్యాక డబ్బింగ్ థియేటర్ నుంచి కబురొస్తే వెళ్ళింది. తెర మీద భర్త పెదవులు కదులుతుంటే ఎవరో పరాయివాడి గొంతు పలుకుతోంది. ఆ దృశ్యంలో ఆయన దుప్పటి నీడలోనే ఉన్నాడు. నుదుటి మీద ప్రతి ముడతా కనపడుతోంది. చక్కగా, నిండుగా ఉంది మొహం.

"మొదటిదే ఉంచామండీ. చాలా బాగా చేశారు," అన్నాడు రాఘవేంద్ర.

"మరి రెండోది?"

"ఎండకి కళ్ళు చికిలించారు. పైగా మధ్యలో డైలాగు వదిలేసి, పక్కకి చూస్తూ ఇంకేదో అన్నారు. అక్కడ సౌండ్ తీసుకోలేదు కదా, ఏమన్నారో తెలీదు. పనికిరాలేదండీ."

"ఒక్కసారి చూపించండి బాబూ."

వేశారు. చప్పుడు లేని బొమ్మ. నిప్పులాంటి ఎండలో పరబ్రహ్మం రెండు మాటలు పలికాడు, ఆగాడు. కెమెరాను వదిలేసి, దాని పక్కన రమామణి నిలబడ్డ చోటుకేసి చూశాడు. పెదవులు కదిలాయి. కసురుతున్నట్టు గడ్డం ఎగరేసి, మళ్ళీ అదే మాట అన్నాడు.

రాఘవేంద్రకు అర్థం కాలేదంటే కాకపోవచ్చు. నలభై ఏళ్ళు ఆ మనిషితో కాపురం చేసిన దానికి గొంతుతో పనేముంది?

"ఏమంటున్నారమ్మా?" అన్నాడతను మెల్లగా.

"నన్ను నీడకి పొమ్మంటున్నారు," అంది రమామణి. చెంగు నోట్లో కుక్కుకున్నా ఏడుపు ఆగలేదు.