పడవకు బొట్టు

నాకు వాలంటీర్ అని పేరు పెట్టినా పులిహోర మాత్రం నేనే కలిపాను. కోదాడలో ఆడపిల్లల హాస్టల్‌లో పదకొండేళ్లుగా వంట చేస్తున్నాను. ఆ ఆదివారం ముప్ఫై మందికి సరిపడా వండి స్టీలు క్యానుకు మూత బిగిస్తుంటే నిహారిక వచ్చింది. డిగ్రీ చదివే పిల్ల. నిరుడు, నా యాభై రెండో ఏట, నాతో అక్షరాలు దిద్దించింది ఆ పిల్లే.

"అమ్మమ్మా, ఇవాళ నువ్వు వంటమనిషివి కాదు. మాతోపాటు వాలంటీర్‌వి" అంటూ నా నెత్తిన తమ కాలేజీ క్లబ్బు టోపీ పెట్టింది. తన బొట్టుబిళ్లల అట్ట నుంచి ఒకటి ఊడదీసి నా నుదుట అంటించింది. "ఇది లేకపోతే ఫొటోల్లో మొహం బోసిగా కనపడుద్ది మరి."

మా ఆయన పోయి పంతొమ్మిదేళ్లు. బొట్టు తీసేద్దామని చెయ్యి లేచింది. బయట ఆగి ఉన్న మా బస్సు అద్దంలో నన్ను నేను చూసుకుని, చెయ్యి దించేశాను.

పెద్దవూర దాటాక, సాగర్ నీళ్ల ఒడ్డున చేపలు పట్టేవాళ్ల చిన్న ఊరుంది. అక్కడ ఏడాదిగా మూలన పడి ఉన్న ఒక పడవను కాలేజీ సెయిలింగ్ క్లబ్ పిల్లలు నెల రోజులు బాగుచేసి, దానికి తెరచాప కట్టారు. ఊళ్లో పిల్లలు దాంట్లో అవతలి ఒడ్డున ఉన్న బడికి పోవాలి. ఆ రోజే దాన్ని నీళ్లలోకి దింపుతున్నారు. నాకిచ్చిన పని, పిల్లల లైఫ్ జాకెట్ల మీద వాళ్ల పేర్లు రాయడం. పద్నాలుగు పేర్లు రాశాను. నా వేలి కింద తమ పేరు పుడుతుంటే పిల్లలు కళ్లార్పకుండా చూశారు. ఊరివాళ్లు నన్ను "టీచరమ్మా" అని పిలిచారు. కాదని చెప్పలేదు.

పడవ దింపే ముందు ఊరి పెద్ద ఉప్పలయ్య అడిగాడు. "సారూ, పడవ ముక్కుకు పసుపు కుంకుమ వెట్టాలె. మీల పెద్ద ముత్తయిదువ ఎవ్వరున్నరు?"

క్లబ్బు పిల్లల్ని తీసుకొచ్చిన భానుప్రకాష్ సారు చుట్టూ చూశాడు. మాలో ఉన్నవాళ్లంతా పెళ్లికాని పిల్లలే. "మా దుర్గమ్మగారున్నారు కదా" అన్నాడు. అందరూ జరిగి నాకు దారి ఇచ్చారు.

నాకు దారి ఇచ్చారు. ఈ మాట ఎందుకు రెండుసార్లు రాశానంటే, సూర్యాపేటలో నా బిడ్డ పెళ్లిలో మంగళసూత్రం పళ్లెం ముత్తయిదువలందరి ముందుకూ తిరుగుతుంటే మా ఆడబిడ్డ నా భుజం పట్టుకుని, "వదినె, నువ్వు జర లోపలుండు. పప్పు మాడుతున్నట్టుంది, సూడరాదు" అంది. పప్పు మాడలేదు. అయినా పోయి గరిటె తిప్పాను. బిడ్డ మెడలో తాళి పడేటప్పుడు బాజాల చప్పుడు మాత్రం విన్నాను. మా అత్త మిర్యాలగూడలో బతికున్నంత కాలం, రైస్‌మిల్లుకు పనికి పోతూ నేను గడప దాటితే, "గా మొఖం ఎవ్వరికి ఎదురు రానీయకు, సందుల నుంచి పో" అనేది. ఆ కూలి డబ్బులతో తెచ్చిన బియ్యానికి మాత్రం ఎదురు రావద్దని ఏనాడూ అనలేదు.

అందుకే పడవ దగ్గరికి నడుస్తుంటే నా నడుము నిటారుగా నిలబడింది. అప్పుడే ఒక పిల్ల పసుపు, కుంకుమ ఉన్న పళ్లెం పట్టుకుని పడవ ముందుకు వచ్చింది. పాతికేళ్లుంటాయేమో. మెడ బోడిగా ఉంది, కాళ్లకు మెట్టెలు లేవు. వంగి పడవ ముక్కును అరచేత్తో తుడిచి, వేలిని పసుపులో ముంచింది.

"నువ్వు గాదు బిడ్డా" అన్నాను. "గది ముత్తయిదువ వెట్టాలె. జర పక్కకు జరుగు."

ఆ పిల్ల వేలి పసుపు కొంగుకు తుడుచుకుంది. పళ్లెం నా చేతికిచ్చి జరిగింది. అలవాటైన వాళ్లు జరిగినట్టే, సగం అడుగు కూడా ఎక్కువ తీసుకోకుండా. నేను పసుపు రాశాను, కుంకుమ పెట్టాను. చప్పట్లు కొట్టారు. "దుర్గమ్మగారికి పద్ధతులన్నీ తెలుసు" అని సారు మెచ్చుకున్నాడు.

నన్ను పడవలో ముందు కూర్చోబెట్టారు. తెరచాప గాలికి ఉబ్బి పడవ ఒక పక్కకు ఒరిగింది. ఒడ్డున ఆ పిల్ల మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి మా వైపే చూస్తోంది.

"గా పిల్ల ఎవరయ్యా?" అని పడవలో నా పక్కనున్న ఉప్పలయ్యను అడిగాను.

"ప్రవళిక. గీ పడవ దాని మొగనిదే. పోయినేడు కామెర్లతోని పోయిండు. అమ్మితే డబ్బులొస్తుండె, బడి పిల్లలకని ఇచ్చేసింది. రేపటి సంది నడిపేది గూడ అదే. మీ పిల్లలు దానికి తెరచాప నేర్పిండ్రు."

పిల్లలు కేరింతలు కొడుతున్నారు. నాకు పడవ దిగి నీళ్లలో నడిచిపోవాలనిపించింది.

ఒడ్డుకు రాగానే అందరి ముందూ చెప్పాను. "నేను ముత్తయిదువను గాను. మా ఆయన పోయి పంతొమ్మిదేళ్లయింది."

ఒక ముసలామె, "అయ్యో, ఎంత పని జేస్తివమ్మా! కొత్తగ దింపిన పడవ" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నిహారిక, తప్పంతా తనదేనన్నట్టు నా చెయ్యి పట్టుకుంది. సారు నవ్వేసి, "అవన్నీ మూఢనమ్మకాలు, వదిలేయండి" అన్నాడు. ఆ ఒక్క మాటతో నేను చేసింది కూడా తుడిచిపెట్టుకుపోతుందనుకున్నాడు.

ప్రవళిక మాత్రం నా దగ్గరికి వచ్చి, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "మరి పొద్దున ఎందుకు సెప్పలే పెద్దమ్మా?"

నేను నెత్తి మీది టోపీ తీసి బస్సు వైపు నడిచాను.

బస్సులో దారి పొడవునా జవాబులు అల్లుకున్నాను. నన్నెవరూ అడగలేదు కదా. బొట్టు నిహారిక అంటించింది కదా. సారే నా పేరు చెప్పాడు కదా. మిర్యాలగూడ దాటేసరికి అన్నీ అబద్ధాలేనని తేలిపోయింది. మా అత్త పోయి చాలా కాలమైందనుకున్నాను. ఆమె గొంతు నా నోట్లోనే ఉందని ఆ ఒడ్డున తెలిసింది.

ఇవాళ బుధవారం. రేపు సెలవు కావాలని వార్డెన్‌ను అడిగాను. "మరి వంట?" అంది. "నాకు తెల్వదు మేడం" అన్నాను. పదకొండేళ్లలో ఆ మాట అనడం ఇదే మొదలు.

ప్రవళిక పిల్లల్ని బడి దగ్గర దించి వచ్చేదాకా ఒడ్డున కూర్చుంటాను. వచ్చాక నిజం చెబుతాను. "బాగనిపించింది బిడ్డా, అందుకే సెప్పలే. నాకు దారిచ్చుడు బాగనిపించింది. నిన్ను పక్కకు జరుపుడు గూడ బాగనిపించింది."