లోపలి మడత

అక్కకు పుట్టిన పిల్లకి కుడిచేతి వేళ్లు రెండు అతుక్కుని ఉన్నాయి. "ఇలాంటిది మా ఇంటా వంటా లేదు. తల్లినీ పిల్లనీ తీసుకుపొండి" అని అత్తగారు కబురు పెట్టింది. పుట్టింట్లో చదువుకున్నవాడు తమ్ముడొక్కడే. ప్రయోగశాలలో పండ్ల ఈగల మీద పరిశోధన చేస్తాడు. "నువ్వు చెబితే వింటారేమోరా, ఒక్కసారి రా" అని అక్క ఫోనులో బతిమాలింది.

అత్తింటివాళ్లది లాండ్రీ. ముందు కౌంటరు, వెనక ఆవిరి ఇస్త్రీ మిషను. నెలలు నిండేదాకా అక్క ఆ వేడిలోనే నిలబడింది.

"రావయ్యా, ఈగల డాక్టరూ!" అంది అత్తగారు, చేతిలో చొక్కా వదలకుండా. "తప్పు మాదని ఏ ఈగ చెప్పింది?"

"తప్పు ఎవరిదీ కాదండీ. ఒంట్లో ప్రోటీన్లు సరైన మడతలో ఉంటేనే పనిచేస్తాయి. ఆ మడత కుదిర్చేవాటిని షాపరోన్లంటారు. వంశంలో ఉన్న చిన్న లోపాలను అవి బయటపడనివ్వవు. వేడి ఎక్కువైతే వాటికి పని పెరిగి చేతులెత్తేస్తాయి. అప్పుడు ఎన్నడూ కనబడని లోపం పిల్లల్లో కనబడుతుంది. ఈగల్లో చూశాను. మనుషుల్లోనూ ఇంతేనని గట్టిగా చెప్పలేను."

"అర్థమయ్యేట్టు ఏడువు."

ఆమె చేతిలోని చొక్కాకి జేబు పక్కన ఇస్త్రీ కాలిన మచ్చ ఉంది. అది లోపలికి పోయేలా మడిచి, పైన కాగితం చుట్టింది.

"అదిగో, అలాగే!" అన్నాడు తమ్ముడు హుషారుగా. "మచ్చ ఉంది, మీ మడత వల్ల కనబడదు. షాపరోన్లు చేసేదీ అదే. ఆ మచ్చ రెండు వైపుల నుంచీ..."

"ఆగాగు." ఆమె కొడుకు వైపు తిరిగింది. "విన్నావురా? కాలిన బట్టని మడతపెట్టి మనకి అంటగట్టారట. సొంత తమ్ముడే ఒప్పుకుంటున్నాడు."

"చదువుకున్నోడు చెప్పాక ఇంకేముందిలే అమ్మా" అన్నాడు బావ, మిషను ఆపకుండా.

"అది కాదు బావా, మీ వైపు నుంచి కూడా..." మిగతా మాట ఆవిరి చప్పుడులో కలిసిపోయింది.

అంతలో చొక్కా తాలూకు మనిషి వచ్చాడు. పొట్లం విప్పి చూడలేదు. థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు.

అత్తగారు ఉయ్యాల్లోంచి పిల్లను తీసింది. కుడిచెయ్యి లోపలికి పోయేలా తువ్వాలు బిగించి చుట్టి, పక్కనే నిలబడ్డ అక్క చేతుల్లో పెట్టింది.

"చూసుకో. మీరెలా ఇచ్చారో అలాగే తిరిగి ఇస్తున్నా."

వీధి మలుపు తిరిగాక అక్క ఆగింది. తువ్వాలు వదులు చేసి, పిల్ల చెయ్యి బయటికి తీసింది.

"ఇంకో పోలిక దొరకలేదట్రా నీకు?" అంది.